కొనడానికి ఒక సంతకం, పీకడానికి ఆరు నెలలు: ఫిన్‌టెక్‌లో క్లౌడ్ సెక్యూరిటీ టూల్స్ తగ్గించడం

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో 30 మందితో మొదలై, మూడేళ్లలో 800 మందితో బెళ్లందూరు వైపు పెద్ద ఆఫీసుకి మారిన పేమెంట్స్ కంపెనీని ఒకదాన్ని ఊహించుకోండి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అకౌంట్లు 60, క్యూబర్నెటీస్ (కంటైనర్లని నడిపే వ్యవస్థ) నోడ్లు, అంటే మెషీన్లు, 200, సెక్యూరిటీ టూల్స్ 9. ఒకటి పీసీఐ (కార్డ్ డేటా భద్రతా ప్రమాణం) ఆడిటర్ అడిగాడని కొన్నది. ఒకటి పార్ట్‌నర్ బ్యాంకు పంపిన ప్రశ్నావళిలో ‘ఉంది’ అని టిక్ పెట్టడానికి కొన్నది. ఒకటి 2021 డిసెంబరులో లాగ్‌4షెల్ (జావా లైబ్రరీ లాగ్‌4జేలో బయటపడ్డ పెద్ద లోపం) హడావిడిలో కొన్నది. ఇంకోటి ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తులేదు, కానీ ఏటా రెన్యూ అవుతూనే ఉంది.

ఒక ఎస్‌3 బకెట్ (ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే చోటు) పొరపాటున పబ్లిక్ అయిందంటే వీటిలో నాలుగు టూల్స్ నాలుగు పేర్లతో చెప్తాయి. ఒకదానికి అది క్రిటికల్, ఇంకోదానికి మీడియం. నాలుగు టికెట్లు పడతాయి, నాలుగు టీమ్‌లకి వెళ్తాయి, ప్రతి టీమూ మిగతావాళ్లు చూసుకుంటారనుకుంటుంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన.

ఈ దశలో దాదాపు అందరూ చేసే పని వెండర్లని డెమోలకి పిలవడం. అది అసలు చివర చేయాల్సింది. ఏం కొనాలన్నది తర్వాత. ఏది పీకాలి, పీకితే దానితో పాటు ఇంకేం ఊడొస్తుంది అన్నది ముందు తేలాలి. కొత్త టూల్ వచ్చాక పాతవి ‘కొన్నాళ్లు ఉండనిద్దాం’ అని వదిలేస్తే 9 కాస్తా 10 అవుతాయి.

ముందు ఇంట్లో ఏముందో చూడాలి

టూల్స్ జాబితా సెక్యూరిటీ టీమ్‌ని అడిగితే సగమే వస్తుంది. ఫైనాన్స్ దగ్గర ఇన్వాయిస్‌లు తీసుకోండి. ఏడబ్ల్యూఎస్ మార్కెట్‌ప్లేస్ ద్వారా కొన్నవి క్లౌడ్ బిల్లులో కలిసిపోతాయి కాబట్టి ఆ లైన్లు విడిగా వెతకాలి. సింగిల్ సైన్‌ఆన్‌లో ఉన్న యాప్స్, గిట్‌హబ్ ఆర్గనైజేషన్‌కి అనుమతి ఉన్న యాప్స్, ప్రతి క్లస్టర్ (నోడ్ల గుంపు) లోని డెమన్‌సెట్‌లు (ప్రతి నోడ్ మీదా నడిచే ప్రోగ్రాములు) కూడా చూడండి.

అన్నిటికంటే నిజం చెప్పేది ఐఏఎం, అంటే ఏడబ్ల్యూఎస్‌లో ఎవరికి ఏ అనుమతి ఉందో చూసే సర్వీస్. బయటి అకౌంట్ ఏదైనా రోల్ (అరువిచ్చే అనుమతుల మూట) ద్వారా మన అకౌంట్‌లోకి రావాలంటే, ఆ రోల్‌ని ఎవరు వాడొచ్చో చెప్పే ట్రస్ట్ పాలసీలో సాధారణంగా దాని 12 అంకెల నంబరు ఉంటుంది. ఐఏఎం యాక్సెస్ అనలైజర్‌ని మొత్తం ఆర్గనైజేషన్ స్థాయిలో పెడితే అలాంటి రోల్స్ అన్నీ చూపిస్తుంది. బయటి యాక్సెస్ చూపే ఆ రకం అనలైజర్‌కి విడిగా చార్జీ లేదు. రెండేళ్ల కిందట పీఓసీ (ట్రయల్) చేసి వదిలేసిన వెండర్ రోల్స్ ఇక్కడే బయటపడతాయి. కొన్నిటికి ఎక్స్‌టర్నల్ ఐడీ (వెండర్ ఒక్కో కస్టమర్‌కీ విడిగా ఇచ్చే గుర్తు) కూడా ఉండదు. అంటే ఆ వెండర్ దగ్గర ఖాతా ఉన్న ఇంకెవరైనా మన రోల్ పేరు ఊహించి, ఆ వెండర్ చేతే మన తలుపు తీయించే వీలుంటుంది. అలాంటివి కన్సాలిడేషన్ (టూల్స్‌ని కలిపి తగ్గించడం) దాకా ఆగకుండా ఆ రోజే మూసేయాలి.

తర్వాత టూల్స్‌ని పేర్లతో కాకుండా ప్రశ్నలతో లెక్కపెట్టండి. బయటికి తెరిచి ఉన్న స్టోరేజ్ గురించి ఎవరు చెప్తారు? రన్ అవుతున్న కంటైనర్‌లో అనుమానాస్పదమైన ప్రాసెస్ మొదలైతే ఎవరు చెప్తారు? వాడని యాక్సెస్ కీల గురించి? కంటైనర్ ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే ప్యాకేజీ) లోని పాత లైబ్రరీల గురించి? కార్డ్ డేటా ఉన్న సర్వర్‌లో ఫైల్ మారితే? పన్నెండు పదిహేను ప్రశ్నలకి మించవు. ఒక్కో దానికి ఎదురుగా ఏ టూల్ జవాబిస్తోంది, ఆ జవాబు చదివి పని చేసే మనిషి ఎవరు అని రాయండి. రెండో గడి ఖాళీగా ఉన్న వరుసలే ఎక్కువ కనిపిస్తాయి. మనిషే లేని వరుసకి కొత్త టూల్ కొని లాభం లేదు.

ఆడిట్ ముడి

పీకే జాబితా రాసేటప్పుడు ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడ. ఏజెంట్ (మెషీన్ మీద నడిచే నిఘా ప్రోగ్రాం) లేకుండా స్నాప్‌షాట్ (డిస్క్ నకలు) చదివి స్కాన్ చేసే కొత్త టూల్ వచ్చింది, పాత హోస్ట్ ఏజెంట్ అక్కర్లేదు, తీసేద్దాం అంటారు. కానీ పీసీఐ డీఎస్‌ఎస్ 11.5.2 అడిగే ఫైల్ మార్పుల నిఘా ఆ పాత ఏజెంటే చేస్తూ ఉండొచ్చు. కీలకమైన ఫైళ్లని కనీసం వారానికోసారి పోల్చి చూడాలని, అనధికార మార్పు జరిగితే సిబ్బందికి అలర్ట్ వెళ్లాలని ఆ నిబంధన. కొత్త టూల్ ఆ పని చేస్తుందో లేదో బ్రోచర్ చూసి నమ్మొద్దు. కార్డ్ డేటా పరిధిలో ఉన్న ఒక సర్వర్‌లో ఫైల్ మార్చి, అలర్ట్ ఎవరికి వచ్చిందో చూడాలి.

మూడు నెలలకోసారి జరిగే బయటి స్కాన్ కూడా అంతే. 11.3.2 ప్రకారం దాన్ని పీసీఐ కౌన్సిల్ ఆమోదించిన స్కానింగ్ వెండరే (ఏఎస్‌వీ) చేయాలి. మీ కొత్త ప్లాట్‌ఫామ్‌లో ‘ఎక్స్‌టర్నల్ స్కాన్’ అన్న ట్యాబ్ ఉన్నంత మాత్రాన అది ఏఎస్‌వీ స్కాన్ అయిపోదు. లోపలి స్కానర్‌ని క్వార్టర్ మధ్యలో మార్చడం ఇంకో చిక్కు: పాతదానిలో దొరికిన లోపం సరిచేశాక మళ్లీ స్కాన్ చేసిన రుజువు ఎందులోనూ ఉండదు. మార్పిడిని క్వార్టర్ మొదట్లోనే పెట్టుకోండి.

లాగ్స్ సంగతి తెలిసిందే. సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్స్ ఉండాలి, సంఘటన గమనించిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి. పీసీఐ 12 నెలలు ఉంచమంటుంది, అందులో తాజా 3 నెలలు వెంటనే తీసి చూపగలిగేలా. పాత టూల్ కన్సోల్‌లో మాత్రమే ఉన్న అలర్ట్ చరిత్ర కాంట్రాక్ట్ ముగిసిన రోజే పోతుంది. అందుకే నోటీసు ఇచ్చే ముందే జేసన్ ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి, ఆబ్జెక్ట్ లాక్ (ఫైల్‌ని మార్చకుండా, తీసేయకుండా ఆపేది) ఉన్న బకెట్‌లో పెట్టాలి. స్క్రీన్‌షాట్లు పనికిరావు, ఆడిటర్ శాంపిల్ అడిగినప్పుడు వాటిలో వెతకలేరు.

డెమో కాదు, ఉచ్చు

వెండర్ తన డెమో అకౌంట్‌లో చూపించేది పెళ్లిచూపుల ఫోటో లాంటిది. మీ శాండ్‌బాక్స్ అకౌంట్‌లో మీరే తప్పులు నాటండి. పబ్లిక్ బకెట్ ఒకటి. 22వ పోర్ట్ (సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) ప్రపంచమంతటికీ తెరిచిన సెక్యూరిటీ గ్రూప్ (ఫైర్‌వాల్ నియమాలు) ఒకటి. 90 రోజులుగా వాడని యాక్సెస్ కీ ఒకటి. లాంబ్డా (మనం సర్వర్ పెట్టకుండా కోడ్ నడిపే సర్వీస్) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పాస్‌వర్డ్. ఐఎండీఎస్ (మెషీన్‌కి దాని రోల్ కీలు అందించే మెటాడేటా సర్వీస్) మొదటి వెర్షన్‌తో నడిచే ఈసీ2 మెషీన్, దానికి ఎస్‌3 చదివే రోల్ (2019 క్యాపిటల్ వన్ ఉల్లంఘనలో రోల్ కీలు చేజారింది ఈ మెటాడేటా సర్వీస్ దారిలోనే). చివరగా లాగ్‌4షెల్ లోపం ఉన్న లాగ్‌4జే 2.14.1, కానీ నేరుగా కాదు, స్ప్రింగ్‌బూట్ ఫ్యాట్ జార్ (లైబ్రరీలన్నీ కలిపి కట్టిన జావా ఫైల్) లోపల ఇంకో జార్‌లో. మన ఫిన్‌టెక్‌లలో జావా ఎక్కువ కాబట్టి ఈ చివరిదే అసలు పరీక్ష. ఓఎస్ ప్యాకేజీల జాబితా మాత్రమే చదివే స్కానర్ దీన్ని చూడనే చూడదు.

ఒక్కో తప్పుకీ ఒక్కో టూల్ ఎన్ని నిమిషాల్లో లేదా గంటల్లో చెప్పిందో రాసుకోండి. స్నాప్‌షాట్ స్కాన్ రోజుకోసారే జరిగితే మధ్యలో పుట్టి చనిపోయే ఆటోస్కేలింగ్ మెషీన్లు దానికి కనిపించవు. అది లోపమని కాదు, ఆ పద్ధతి తీరే అంత. ఇమేజ్‌ని రిజిస్ట్రీలోనే (ఇమేజ్‌లు దాచే చోటు) స్కాన్ చేస్తే చాలావరకు సరిపోతుంది.

మన దేశానికే ప్రత్యేకమైన పరీక్ష ఒకటుంది: డేటా డిస్కవరీ, అంటే సున్నితమైన డేటా ఎక్కడుందో వెతకడం. ఆధార్‌కి 12 అంకెలు. యూపీఐ లావాదేవీల ఆర్‌ఆర్‌ఎన్‌కీ (రిఫరెన్స్ నంబరు) 12 అంకెలే. 12 అంకెలు కనిపిస్తే ఆధార్ అనే టూల్‌ని సెటిల్‌మెంట్ ఫైళ్లున్న బకెట్ మీదకి వదిలితే లక్షల్లో తప్పుడు అలర్ట్‌లు కుమ్మరిస్తుంది. మొదటి అంకె 0 గానీ 1 గానీ కాకూడదన్న నియమం, చివరి అంకెకి వెర్‌హోఫ్ చెక్‌సమ్ (మిగతా అంకెలతో లెక్కకట్టి సరిచూసే పద్ధతి) చూస్తే చాలా తగ్గుతాయి. అయినా యాదృచ్ఛికంగా వచ్చిన నంబర్లలో పదింట ఒకటి చెక్‌సమ్ దాటేస్తుంది. కోటి వరుసల ఫైల్‌లో పదో వంతు అంటే ఎంతో మీరే లెక్కేసుకోండి. కాలమ్ పేరు, పక్క ఫీల్డ్‌లు కూడా చూసే టూల్ అయితేనే పనికొస్తుంది. పాన్‌తో ఇంకో తమాషా: పీసీఐ భాషలో పాన్ అంటే కార్డ్ నంబరు, మనకి పాన్ అంటే ఆదాయపు పన్నువాళ్లిచ్చే పది అక్షరాల నంబరు. రిపోర్ట్‌లో ‘పాన్ దొరికింది’ అని చూసి పీసీఐ పరిధి పెరిగిందని కంగారుపడే ముందు ఏ పానో అడగండి.

ఈ డిస్కవరీ టూల్స్‌లో కొన్ని దొరికిన విలువల నమూనాని తమ కన్సోల్‌కి పంపుతాయి. ఆ కన్సోల్ విదేశంలో ఉంటే పేమెంట్ డేటా భారత్‌లోనే నిల్వ ఉండాలన్న ఆర్‌బీఐ 2018 ఏప్రిల్ 6 సర్క్యులర్‌తో పేచీ వస్తుంది. స్నాప్‌షాట్‌ని తమ అకౌంట్‌లోకి కాపీ చేసుకుని స్కాన్ చేసే పద్ధతికీ ఇదే చిక్కు. స్కానర్‌ని మన అకౌంట్‌లోనే, ముంబై లేదా హైదరాబాద్ రీజియన్‌లో నడిపించి, ఫలితాలు మాత్రమే బయటికి పంపే మోడ్ ఉందా అని మొదటి కాల్‌లోనే అడగాలి. నమూనా విలువలు పంపకుండా ఆపే సెట్టింగ్ ఉందో లేదో కూడా.

కలుపుకుంటూ పోయేటప్పుడు తగిలే రాళ్లు

60 అకౌంట్లలో కొత్త టూల్‌కి రోల్ పెట్టడం స్టాక్‌సెట్‌తో (అన్ని అకౌంట్లలో ఒకే సెటప్ పెట్టే ఏడబ్ల్యూఎస్ సదుపాయం) ఒక పూట పని. మేనేజ్‌మెంట్ అకౌంట్‌కి స్టాక్‌సెట్ తనంతట తాను చేరదు, దాన్ని విడిగా చేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. తర్వాత స్కాన్ మొదలవుతుంది, సగం డిస్క్‌లు ఫెయిల్ అవుతాయి. కారణం ఎక్కువసార్లు కేఎంఎస్ (ఎన్‌క్రిప్షన్ కీలు చూసే సర్వీస్). ఈబీఎస్ డిస్క్‌లకి డిఫాల్ట్‌గా వచ్చే ఏడబ్ల్యూఎస్ మేనేజ్డ్ కీతో ఎన్‌క్రిప్ట్ అయిన స్నాప్‌షాట్‌ని ఇంకో అకౌంట్‌తో పంచుకోలేం. కస్టమర్ మేనేజ్డ్ కీ ఉండాలి, ఆ కీ పాలసీలో స్కానర్ రోల్‌కి డీక్రిప్ట్‌తో పాటు క్రియేట్‌గ్రాంట్ అనుమతి కూడా ఉండాలి. అదీ సరిగ్గా ఉండి ఇంకా ఫెయిల్ అవుతుంటే ఎస్‌సీపీలు (ఆర్గనైజేషన్ స్థాయిలో పెట్టే అనుమతి పరిమితులు) చూడండి: స్నాప్‌షాట్ షేరింగ్‌ని ఆపినది గానీ, కొన్ని రీజియన్లు తప్ప మిగతావి మూసేసినది గానీ అడ్డుపడుతూ ఉంటుంది. ఎస్‌సీపీని సడలించొద్దు, ఆ ఒక్క రోల్‌కి మినహాయింపు రాయండి.

నోడ్ల మీద లెక్క వేరు. ఒక్కో నోడ్‌లో మూడు ఏజెంట్లు, ఒక్కోటి 300 ఎంబీ మెమరీ తింటే 200 నోడ్లకి 180 జీబీ. 16 జీబీ ఉండే ఎం5.ఎక్స్‌లార్జ్ మెషీన్లు పదకొండు దాకా కేవలం కాపలావాళ్లని మోయడానికే పోయినట్టు. కన్సాలిడేషన్‌కి డబ్బు అడిగేటప్పుడు సీఎఫ్‌ఓకి చూపించాల్సిన మొదటి అంకె ఇదే. రెండోది క్లౌడ్‌ట్రెయిల్ (ఏడబ్ల్యూఎస్‌లో ఎవరేం చేశారో రాసే లాగ్). మేనేజ్‌మెంట్ ఈవెంట్ల మొదటి కాపీ ఉచితం, రెండో ట్రెయిల్ నుంచి లక్ష ఈవెంట్లకి 2 డాలర్లు. ప్రతి వెండరూ తన ఆన్‌బోర్డింగ్ స్క్రిప్ట్‌లో సొంత ట్రెయిల్ ఒకటి సృష్టించి పోతాడు. ఆర్గనైజేషన్ ట్రెయిల్ ఒక్కటే ఉంచి, అందరూ అదే బకెట్ చదివేలా చేయాలి.

ఫార్గేట్‌లో (నోడ్లని ఏడబ్ల్యూఎస్సే చూసుకునే పద్ధతి) నడిచే పాడ్‌ల (కంటైనర్ల మూటలు) మీద డెమన్‌సెట్ పనిచేయదు, అక్కడ సైడ్‌కార్ (పాడ్‌లోనే పక్కన నడిచే కంటైనర్) పెట్టాలి లేదా రన్‌టైమ్ నిఘా లేదని ఒప్పుకుని రాసుకోవాలి. రాసుకోవడం మేలు. కవరేజ్ 100 శాతం అని స్లైడ్‌లో చూపించి ఫార్గేట్‌ని లెక్కలోంచి తీసేయడం కంటే నిజాయితీ.

అడ్మిషన్ వెబ్‌హుక్‌ల (కొత్త పాడ్‌ని అనుమతించాలో లేదో చెప్పే చెక్‌పోస్టులు) దగ్గర మాత్రం తొందరపడొద్దు. పాత టూల్‌కొకటి, కొత్త టూల్‌కొకటి రెండూ ఉంటే ప్రతి పాడ్ రెండింటినీ దాటాలి. ఫెయిల్యూర్‌పాలసీ డిఫాల్ట్ ‘ఫెయిల్’ (జవాబు రాకపోతే పాడ్‌ని ఆపేయడం), టైమవుట్ డిఫాల్ట్ 10 సెకన్లు. వెబ్‌హుక్ పాడ్ ఒక్కటే రెప్లికాతో (కాపీ) నడుస్తూ, అది ఉన్న నోడ్ పోతే కొత్త పాడ్‌లు ఏవీ పుట్టవు. ఆ వెబ్‌హుక్ పాడ్ కూడా పుట్టదు, ఎందుకంటే దాన్ని అనుమతించాల్సింది అదే. క్యూబ్‌సిస్టమ్‌నీ, ఆ టూల్ నేమ్‌స్పేస్‌నీ మినహాయించి, రెప్లికాలు మూడు వేర్వేరు జోన్లలో పెట్టి, మొదటి నెల ఆడిట్ మోడ్‌లో మాత్రమే నడపండి.

అన్నీ ఒకే గూట్లో పెట్టకూడదన్న సంగతి కూడా ఇక్కడే. గార్డ్‌డ్యూటీని (ముప్పుల్ని గుర్తించే ఏడబ్ల్యూఎస్ సొంత సర్వీస్) తీసేసి ఆ డబ్బు మిగుల్చుదామనే ఆలోచన వస్తుంది. అది ఫ్లో లాగ్స్, డీఎన్‌ఎస్ లాగ్స్‌ని మనం ఎనేబుల్ చేయకపోయినా ఏడబ్ల్యూఎస్ లోపలి నుంచే చదువుతుంది; అదే డేటా బయటి టూల్‌కి మనం మోసుకెళ్లాలంటే రవాణా ఖర్చే ఎక్కువవుతుంది. ఉంచేయండి. ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగ్ (సెట్టింగుల మార్పుల్ని నమోదు చేసేది) కూడా చూసి ఆపండి: సెక్యూరిటీ హబ్ (ఏడబ్ల్యూఎస్ సొంత భద్రతా తనిఖీల సర్వీస్) చెక్స్‌లో చాలావాటికి అదే ఆధారం. ఇక ఒకే వెండర్ ఏజెంట్ అన్ని నోడ్ల మీదా ఉన్నప్పుడు అప్‌డేట్ ఒకేసారి అన్నిటికీ వెళ్లకూడదు. 2024 జులై 19న సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. ఒక చిన్న నోడ్ పూల్‌కి ముందు ఇచ్చి, రెండు రోజులు చూసి, అప్పుడు మిగతావాటికి. సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో పాటు డిటెక్షన్ కంటెంట్‌ని (ముప్పుల్ని గుర్తుపట్టే నియమాల ఫైళ్లు) కూడా ఇలా ఆపగలరా అని వెండర్‌ని విడిగా అడగండి. రెండూ ఒకటి కాదు, ఆ రోజు కొంపముంచింది రెండోదే.

కాంట్రాక్ట్ గురించి నాలుగు మాటలు. బిల్లు కట్టే వర్క్‌లోడ్‌ల (టూల్ కాపలా కాసే మెషీన్లు, కంటైనర్లు) లెక్క గంటల సగటు మీదా, నెల గరిష్ఠం మీదా అన్నది రాతలో ఉండాలి. పండగ సేల్ రోజున నోడ్లు మూడింతలయ్యే కంపెనీకి ఈ ఒక్క పదమే బిల్లుని మార్చేస్తుంది. విదేశీ వెండర్ నుంచి నేరుగా కొంటే 18 శాతం ఐజీఎస్‌టీ రివర్స్ చార్జ్ కింద మనమే కట్టాలి, గ్రూప్‌లో ఎన్‌బీఎఫ్‌సీ ఉంటే ఆ పన్ను పూర్తిగా క్రెడిట్ రాకపోవచ్చు. ఫైనాన్స్‌తో ముందే మాట్లాడండి. వెండర్‌ని ఇంకొకరు కొంటే బయటికొచ్చే హక్కు కూడా రాయించుకోవాలి: 2024లో క్లౌడ్ సెక్యూరిటీ కంపెనీ లేస్‌వర్క్ ఫోర్టినెట్ చేతికి వెళ్లింది, 2025 మార్చిలో అలాంటిదే ఇంకో కంపెనీ విజ్‌ని 3,200 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు గూగుల్ ప్రకటించింది. ఈ రంగంలో మూడేళ్ల ఒప్పందం అంటే ఎవరితో ముగుస్తుందో తెలియని ఒప్పందం.

పక్కపక్కన 45 రోజులు

పాతదీ కొత్తదీ కలిపి నడిపే కాలంలో కొత్త టూల్ నుంచి ఒక్క టికెట్ కూడా డెవలపర్లకి వెళ్లనివ్వొద్దు. మొదటి రోజు అది చూపించే 40,000 ఫైండింగ్స్‌ని జిరాలోకి (టికెట్ల సాఫ్ట్‌వేర్) వదిలితే, ఆ టూల్ మీద నమ్మకం అక్కడితో సరి.

ముందు గుర్తింపు తేల్చండి. ఒక లోపాన్ని ఒకటిగా లెక్కపెట్టేది దేని ఆధారంగా? సీవీఈ నంబరు (ఒక్కో లోపానికీ ఇచ్చే గుర్తింపు నంబరు), ప్యాకేజీ పేరు, ఇమేజ్ డైజెస్ట్ (ఇమేజ్‌కి వేలిముద్ర లాంటిది; లోపం బేస్ ఇమేజ్‌ది అయితే దాని డైజెస్ట్). కంటైనర్ పేరు కాదు, ట్యాగ్ కూడా కాదు, ‘లేటెస్ట్’ అన్న ట్యాగ్ పొద్దున ఒకటి సాయంత్రం ఇంకోటి. ఒకే బేస్ ఇమేజ్ నుంచి 400 కంటైనర్లు నడుస్తుంటే, అందులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లోపం 400 టికెట్లు కాదు, ప్లాట్‌ఫామ్ టీమ్‌కి ఒక్క టికెట్. ఈ ఒక్క మార్పుతోనే సంఖ్య కూలిపోతుంది. ఆ తర్వాత సిసా (అమెరికా సైబర్ భద్రతా సంస్థ) వాళ్ల కేఈవీ జాబితాలో (ఇప్పటికే దాడుల్లో వాడిన లోపాలు) ఉన్నవి, ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్నవి, సున్నితమైన రోల్ ఉన్నవి: ఈ మూడూ కలిసిన చోటు ముందు. సీవీఎస్‌ఎస్ (పదికి ఇచ్చే తీవ్రత స్కోరు) 9.8 అయినా లోపల ఎక్కడో లోడ్ కూడా కాని లైబ్రరీ వారం ఆగగలదు.

ఓనర్ లేని రిసోర్స్‌లు బయటపడతాయి, తప్పదు. ట్యాగ్ లేకపోతే అకౌంట్ ఓనర్‌కి వెళ్లేలా పెట్టండి. ‘సెక్యూరిటీ టీమ్’ అని డిఫాల్ట్ పెట్టారో, అన్నీ అక్కడికే చేరి అక్కడే ఉంటాయి.

పాత టూల్‌లో ఇచ్చిన మినహాయింపులు కొత్తదానికి రావు. అవి ఎక్స్‌పోర్ట్ చేసి, ఒక్కోటి ఎందుకు ఇచ్చామో, ఎవరు ఒప్పుకున్నారో, ఏ తేదీకి ముగుస్తుందో చూడండి. గడువు లేనివి ఎక్కువ ఉంటాయి. వాటిని అలాగే ఎక్కించొద్దు, 90 రోజుల గడువు పెట్టి ఎక్కించండి.

తేదీలు ఎంచుకునేటప్పుడు మన క్యాలెండర్ చూడాలి. నెల 1 నుంచి 7 దాకా జీతాలు, ఈఎంఐలు, మ్యాండేట్ డెబిట్‌లు. దసరా నుంచి దీపావళి దాకా చేంజ్ ఫ్రీజ్. మార్చి చివర అసలే వద్దు. మిగిలేది నెల మధ్య పది పన్నెండు రోజులే.

పీకడం

వరుస ముఖ్యం. ముందు పాత టూల్ నోటిఫికేషన్లు ఆపి రెండు వారాలు చూడండి. ఎవరూ ‘ఆ అలర్ట్ ఏమైంది’ అని అడగకపోతే దాన్ని ఎవరూ చదవట్లేదన్నమాట. తర్వాత వెబ్‌హుక్ కాన్ఫిగరేషన్లు తొలగించాలి, ఆ పైనే ఏజెంట్. తిరగేస్తే దెబ్బే: నేమ్‌స్పేస్‌ని డిలీట్ చేస్తే లోపలి పాడ్‌లు పోతాయి కానీ వ్యాలిడేటింగ్ వెబ్‌హుక్ కాన్ఫిగరేషన్ క్లస్టర్ స్థాయిది కాబట్టి అలాగే ఉంటుంది. లేని సర్వీస్‌కి కాల్ వెళ్తుంది, ఫెయిల్ అవుతుంది, డిప్లాయ్‌మెంట్లు ఆగిపోతాయి. హెల్మ్ (క్యూబర్నెటీస్‌లో టూల్స్ పెట్టే, తీసే సాఫ్ట్‌వేర్) అన్‌ఇన్‌స్టాల్ సీఆర్‌డీ ఫోల్డర్‌లోని సీఆర్‌డీలని (ఆ టూల్ చేర్చిన సొంత ఆబ్జెక్ట్ రకాలు) ముట్టుకోదు. ఫైనలైజర్ (కంట్రోలర్ శుభ్రం చేసేదాకా డిలీట్‌ని ఆపే గుర్తు) ఉన్న ఆబ్జెక్ట్‌లు మిగిలితే నేమ్‌స్పేస్ ‘టర్మినేటింగ్’ దగ్గరే రోజుల తరబడి ఉంటుంది. వాటిని కంట్రోలర్ బతికున్నప్పుడే డిలీట్ చేయాలి.

తర్వాత ఏడబ్ల్యూఎస్ వైపు మిగిలిన సామాను: ఈవెంట్‌బ్రిడ్జ్ రూల్స్, లాంబ్డాలు, ఆ అదనపు ట్రెయిల్, వెండర్ కోసం చేసిన ఐఏఎం యూజర్లు, వాళ్ల కీలు. టెర్రాఫామ్ (క్లౌడ్ సెటప్‌ని కోడ్‌గా రాసే టూల్) కోడ్‌లోంచి కూడా తీయాలి, లేకపోతే వచ్చే నెల ఎవరో అప్లై కొట్టగానే అన్నీ లేచి కూర్చుంటాయి.

రోల్స్‌ని మాత్రం వెంటనే డిలీట్ చేయకండి. ట్రస్ట్ పాలసీని అలాగే ఉంచి, రోల్‌కి అన్నిటినీ నిరాకరించే డినై పాలసీ తగిలించి 30 రోజులు ఉంచండి, క్లౌడ్‌ట్రెయిల్‌లో ఆ వెండర్ అకౌంట్ నుంచి వచ్చే అస్యూమ్‌రోల్ (రోల్‌ని వాడుకునే) కాల్స్ చూస్తూ ఉండండి. కాంట్రాక్ట్ ముగిసిందని ఈమెయిల్ వచ్చాక కూడా రోజూ పొద్దున్నే తలుపు తట్టే వెండర్ అకౌంట్లు ఉంటాయి. అలా కనిపిస్తే వాళ్ల దగ్గర మన డేటా ఇంకా తొలగించలేదనే అనుకోవాలి. డేటా తొలగింపు ధ్రువీకరణ రాతపూర్వకంగా వచ్చి, తట్టడం ఆగాకే రోల్ డిలీట్ చేసి, మొదట రాసుకున్న జాబితాలో ఆ 12 అంకెల నంబరు కొట్టేయండి.